నాగస్వర విద్వాంసులు శ్రీ షేక్ చినమౌలానా సాహేబుగారి చరిత్రము



మహాసభా సంచికలయందు కులపెద్దల చరిత్రములను ప్రకటించుట మన వాడుక. అట్టి చరిత్రములను చదివి పిల్లలు తమ పెద్దలను గుర్తెరుగుదురు. పెద్దలు తమ పూర్వులను తలచుకొని సంతసింతురు. ఈ యేటి సంచికకు ఒక చరిత్రవ్యాసమును వ్రాయుడని కార్యనిర్వాహకులు మమ్ము కోరగా, మేము మాత్రము మన కులమున జన్మింపని యొక విద్వాంసుని చరిత్రమును చేపట్టితిమి. ఆయన మహమ్మదీయుడు; మన సీమకు మిక్కిలి దూరమగు ఒంగోలు ప్రాంతమున పుట్టినవాడు; జీవితమున ఉత్తరార్ధమును కావేరీతీరమున గడపినవాడు. అట్టివాని చరిత్రము నాయీబ్రాహ్మణ సంఘ సంచికయందేల యని కొందరడుగవచ్చును. దానికి మా ప్రత్యుత్తరము చిన్నది. ఆయన చేతనుండిన వాద్యము మన చేతిలోని వాద్యమే. మంగళవాద్యము మన కులవృత్తులలో నొకటి. దాని నాయన యే తీరున నేర్చెనో, యే తీరున నేర్పెనో తెలిసికొన్నచో, నేడు మనకు మిక్కిలి యవసరమైన పాఠ మొకటి దొరకునని మా నమ్మకము.

మన సీమ, మన సన్నాయి

మాది బీర్పూరు. 2016వ సంవత్సరమున జగిత్యాల జిల్లా యేర్పడినప్పుడు మా యూరు మండలకేంద్రమైనది. గోదావరి మాకు చేరువ. మా గుట్టపై శ్రీ లక్ష్మీనరసింహస్వామివారు వెలసియున్నారు. ఆ నది యొడ్డుననే ధర్మపురి నరసింహస్వామి కోవెలయు, దక్షిణమున సిరిసిల్ల దిక్కున వేములవాడ రాజరాజేశ్వరస్వామి కోవెలయు కలవు. దేవుని పల్లకి లేవవలెనన్నను, రథము కదలవలెనన్నను, పెండ్లిపందిటిలో వధువును పీటలపైకి తోడ్కొని రావలెనన్నను, ముందుగా సన్నాయి పలుకవలెను. సన్నాయి పలుకనిదే శుభకార్యము మొదలు కాదనుట మన పెద్దలు చెప్పిన మాట.

అయినను కొన్నియేండ్ల క్రిందట మా ప్రాంతమున జరిగిన యొక వివాహమున మేము కన్న దృశ్యము నిచట చెప్పక తప్పదు. ఆ పందిటిలో ఒక వృద్ధుడు సన్నాయి పట్టుకొని మూల కూర్చుండియుండెను. ప్రక్కన డోలు వాయించు ఆయన తమ్ముడు. తెల్లవారినది మొదలు పెద్దపెద్ద పెట్టెలనుండి సినిమాపాటలు మ్రోగుచుండగా వారిద్దరును చేతులు ముడుచుకొని యుండిరి. మాంగల్యధారణ సమయమున మాత్రము పురోహితుడు చేయి యెత్తి "గట్టిమేళము" అనగా, ఆ పెట్టెలను ఆపిరి. ముసలాయన నాలుగు నిమిషములు వాయించెను. పిమ్మట మరల పెట్టెలు మ్రోగినవి. ఆయన పీకను తీసి తుడిచి గుడ్డలో చుట్టి దాచుకొనుచుండగా, మేము ప్రక్కన కూర్చుండి, "తాతా, మీ పిల్లలలో నెవరైన నేర్చిరా?" యని యడిగితిమి. "ఈ నాలుగు నిమిషముల కొరకు నేనే నేర్పలేదు బిడ్డా" అని యాయన చెప్పెను. ఆ మాటలో కోపము లేదు. కాని ఆ మాట మమ్ము నేటికిని విడువలేదు. ఈ వ్యాసమునకు మూలము ఆ మాటయే.

వాద్యస్వరూపము

సన్నాయి, నాగస్వరము, నాదస్వరము అని పేర్లు పలువిధములుగా నున్నను జాతి యొక్కటియే. రెండు రెల్లుముక్కల నడుమ ఊపిరి దూరి నాదము పుట్టించు వాద్యములు లోకమున ననేకములు కలవు. ఉత్తరదేశపు షహనాయి, తురుష్కుల జుర్నా, చీనావారి సోనా, ఐరోపావారి ఓబో ఇవన్నియు ఒక్క కుటుంబములోనివే. వీనిలో నాగస్వరము పెద్దది. నాదము మిక్కిలి గట్టిది. కోవెల ప్రాకారములు దాటి వినబడుటకై పుట్టిన వాద్యమిది.

దీని శరీరమును ఆచ్చా యను గట్టికొయ్యతో చేయుదురు. పాత యిండ్లనుండి తీసిన, ఏండ్ల తరబడి ఎండిన కొయ్య మేలని వాద్యము చేయువారి యభిప్రాయము. క్రిందిభాగమున విచ్చుకొన్న పూవువలె ననసు అను మూతి యుండును. పైభాగమున గడ్డికాడతో చేసిన పీక యుండును. రంధ్రములు మొత్తము 12. అందు 7 వ్రేళ్లతో మూసి తెరచునవి. మిగిలిన 5 క్రిందివైపున నుండును. వానిని మైనముతో మూసియు తెరచియు నాదమును సరిదిద్దుకొందురు. రెండున్నర స్థాయిల వరకు పలుకును. తుత్తుకారమను నాలుక పలుకుతోను, వ్రేళ్ల యాటతోను, ఊపిరి బిగింపు సడలింపులతోను గమకములను పుట్టించవలెను. రంధ్రమును సగము మూయుట, పావు మూయుట, పెదవితో పీకను నొక్కుట ఇవన్నియు కంటికి కనబడని పనులు. గ్రంథము చదివి నేర్చు విద్య కాదిది. గురువు ప్రక్కన కూర్చుండి, ఆయన నోటిని, వ్రేళ్లను చూచుచు, చెవితో పట్టుకొని నేర్వవలసినది. ప్రక్కన ఒత్తు పట్టువాడు ఊపిరి తెగకుండ శ్రుతి నిలుపవలెను. డోలు వాయించువాడు ఒకవైపు కఱ్ఱతోను, రెండవవైపు వ్రేళ్లకు తొడిగిన గట్టి తొడుగులతోను వాయించవలెను. ఇందరు కలసినగాని మేళము కాదు.

పూర్వము నాగస్వరము పొట్టిదిగను, హెచ్చు శ్రుతి గలదిగను ఉండెడిది. దానిని తిమిరి యందురు. తిరువావడుదురై రాజరత్నం పిళ్లగారి కాలమున, నరసింగంపేటకు చెందిన రంగనాథాచారియను శిల్పి పొడవైన బారి నాగస్వరమును తీర్చిదిద్దెను. శుద్ధమధ్యమము సరిగా పలుకు సౌకర్యము దానివలన కలిగినది. ఆ గ్రామపు నాగస్వరమునకు 2022వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది. మనలో చాలమంది నేడు వాయించు పెద్ద వాద్యము ఆ శ్రమఫలమే.

జననము, బాల్యము

ఇక మన చరిత్రనాయకుని కడకు వత్తము. చినమౌలానాగారు 1924వ సంవత్సరము మే నెల 12వ తేదీన ఒంగోలు సమీపమునందలి కరవది గ్రామమున జన్మించిరి. నాడు ఆ ప్రాంతము గుంటూరు జిల్లాలోనిది. 1970లో ఏర్పడిన ప్రకాశము జిల్లాలో పిమ్మట చేరినది. తండ్రి కాసింసాహేబుగారు నాగస్వర విద్వాంసులు. ఆ యింట తరతరములుగా నాగస్వరమే విద్య. గుంటూరు, ఒంగోలు ప్రాంతములయందు తెలుగు మాటలాడు మహమ్మదీయ కుటుంబములు పెక్కు, రామాలయములయందును, శివాలయములయందును మంగళవాద్యమును వాయించుచు వచ్చినవి. ఊరివారు దీనిని వింతగా నెన్నడు నెంచలేదు. దేవుని ముందర నిలిచి వాయించువాని నమాజు వేరైనను వాని శ్రుతి తప్పకున్న చాలునని వారి భావము.

ఉత్తరదేశమున కాశీ విశ్వనాథుని సన్నిధిని షహనాయి వాయించిన ఉస్తాదు బిస్మిల్లా ఖానుగారి పేరు దేశమంతయు నెరుగును. 1916లో జన్మించి, 2001లో భారతరత్నమను బిరుదము నందుకొని, 2006లో స్వర్గస్థులైరి. అట్టి సంప్రదాయమే తెలుగునేలయందును కలదని మనలో కొందరైన నెరుగరు. చినమౌలానాగారి చరిత్రము దానికి సాక్ష్యము.

తొలిగురువు తండ్రియే. పిమ్మట చిలకలూరిపేటలో ప్రసిద్ధులైన షేక్ ఆదంసాహేబుగారి శిష్యరికమున నాగస్వరవిద్యను గడించిరి. తండ్రి నేర్పిన విద్యతోనే జీవనము సాగింపవచ్చును. సుతుడు తండ్రి పేరుతో మేళము కట్టి పెండ్లిండ్లకు, ఉత్సవములకు పోవచ్చును. మనలో పెక్కుమంది చేయుచున్నది అదియే. కాని ఆ తండ్రి కుమారుని మరియొక గురువు కడకు పంపుటలో నొక విశేషము కలదు. తన విద్య తనకు చాలును గాని తన బిడ్డకు చాలదని యెరుగుటయే తండ్రి పాండిత్యమునకు తుదిమెట్టు.

తంజావూరు బాణి

ఆ కాలమున దక్షిణదేశమున రాజరత్నం పిళ్లగారి నాగస్వరము సింహగర్జనవలె వినబడుచుండెను. ఆయన 1898లో జన్మించి 1956లో కీర్తిశేషులైరి. ఆయన తోడిరాగాలాపనము గ్రామఫోను పలకలమీద దక్షిణదేశమంతట వ్యాపించెను. నాగస్వరవిద్వాంసుడు మేలువస్త్రము తీసి, నిలువుకాళ్లపై నిలిచి వాయించవలెనను ఆచారమును ఆయన యంగీకరింపలేదు. గాయకునకెంత గౌరవమో తనకును అంత గౌరవము కావలెనని పట్టుబట్టి సాధించెను. నాగస్వరవృత్తివారందరును ఆయనకు ఋణపడియున్నారు.

చినమౌలానాగారు ఈ మహావిద్వాంసుని తమ మానసగురువుగా నెంచిరి. ఆ తంజావూరు బాణి వారి హృదయమును పట్టినది. ఆ బాణిలో రాగాలాపనమే ప్రధానము. రాత్రివేళ స్వామివారి యూరేగింపు వీథులలో మెల్లగా సాగుచుండగా, ఒక్కొక్క వీథిలో నిలిచి ఒక్క రాగమునే గంటలకొలది విస్తరించుట ఆ దేశపు వాడుక. స్వామి బయలుదేరునప్పుడు గంభీరనాటలో మల్లారి, తెల్లవారుజామున భూపాళము, పవళింపునకు నీలాంబరి అని వేళకు తగిన రాగములు, సందర్భమునకు తగిన రచనలు నిర్ణయింపబడియున్నవి. రథమునకొక మల్లారి, నైవేద్యమునకొక మల్లారి, తీర్థమునకొక మల్లారి కలవు. వీథిలో కన్నులు మూసికొని వినువాడు స్వామి యెచటనున్నాడో వాద్యమును బట్టియే చెప్పగలడు.

ఈ బాణిని పట్టవలెనన్న గ్రామఫోను పలక చాలదు. అందుచేత చినమౌలానాగారు, తండ్రివద్దను ఆదంసాహేబుగారివద్దను విద్య గడించియు, మరల శిష్యుడై తంజావూరు సీమకు పోయిరి. కుంభకోణమునకు సమీపమున, ఇత్తడి దీపస్తంభములకు పేరుపొందిన నాచ్చియార్‌కోవిల అను గ్రామమున, నాగస్వరవిద్వాంసులగు రాజము, దురైకణ్ణు సోదరులకడ ఆ బాణిని అభ్యసించిరి.

చదువరులారా, ఇచట నొక క్షణము నిలువుడు. చేత విద్య కలిగినవానికి మరల శిష్యుడగుట యెంత కష్టమో వృత్తియందున్నవారే యెరుగుదురు. పలుకు తెలియని దేశము. ఊదు తీరు వేరు, వ్రేలి పట్టు వేరు. ఏండ్ల యభ్యాసమువలన వచ్చిన యలవాటులను విడువవలెను. రెల్లుపీక నోట పట్టుకొన్న విద్వాంసుడు తప్పు చేసినచో ఆ తప్పు నాలుగు వీథులకు వినబడును. వీణవలె మెల్లగా మీటి దాచుకొన వీలులేదు. అట్టి యవమానమునకు సిద్ధపడిననే గాని రెండవ విద్య రాదు.

గురువుల దిక్కునుండి చూచినను ఇది సామాన్యమైన విషయము కాదు. తమిళదేశమున నాగస్వరము వంశపారంపర్యముగా కొన్ని కులములవారి విద్య. వారి జీవనమంతయు దానిమీదనే. తెలుగువాడును, మహమ్మదీయుడును, తమ బంధువర్గమునకు వెలుపలివాడును అగు నొకడు వచ్చి, "మీ బాణి నాకు నేర్పుడు" అనినప్పుడు, ఆ సోదరులు తలుపు మూసికొనలేదు. వారు తలుపు మూసియున్నచో తంజావూరు బాణికి తెలుగునేలనుండి వచ్చిన అంతటి సేవకుడు దొరకకపోయెడివాడు. విద్య యిచ్చుటవలన వారి కులమునకేమియు కొఱత రాలేదు. వారి పేరు నేటికిని శిష్యుని పేరుతో కలిపి చెప్పబడుచున్నది.

శ్రీరంగవాసము

పిమ్మట చినమౌలానాగారు తమ నివాసమును శ్రీరంగమునకు మార్చుకొనిరి. కావేరి, కొళ్లిడము అను రెండు పాయల నడుమనున్న ద్వీపమది. సప్తప్రాకారములు గల రంగనాథుని కోవెల దానికి హృదయము. రంగనాథస్వామియందు వారికిగల భక్తి ప్రసిద్ధము. పుట్టిన మతమును విడువలేదు, స్వామిసేవను మానలేదు. రెండును ఒక్క మనసులో నిమిడినవి.

శ్రీరంగము తెలుగువారికి పరాయి యూరు కాదు. త్యాగరాజస్వామి ఆ క్షేత్రముపై శ్రీరంగపంచరత్నములను తెలుగున రచించెను. తమిళదేశపు నాగస్వరకారులు వాయించు కృతులలో పెక్కు తెలుగు మాటలతోనే కట్టబడినవి. వాద్యమున మాటలు వినబడవు. అయినను మాట యెరిగినవాడు వాయించినప్పుడు, ఏ యక్షరమును సాగదీయవలెనో, ఏ యక్షరమున విరామమీయవలెనో అది నాదమున తెలియును. తంజావూరు బాణి యందలి రాగవిస్తారమును, తెలుగు సాహిత్యపు టెరుకయు ఒక్కయూపిరిలో కలసుట చినమౌలానాగారికి దొరకిన భాగ్యమని మా యభిప్రాయము.

సన్మానములు

క్రమముగా దేశమంతయు వారిని గుర్తించినది. 1977వ సంవత్సరమున భారతప్రభుత్వమువారు పద్మశ్రీ బిరుదము నొసగిరి. ఆ సంవత్సరముననే కేంద్ర సంగీతనాటక అకాడమి పురస్కారము లభించినది. అమెరికా మొదలగు విదేశములయందును వారి నాగస్వరము వినబడెను. 1998లో మదరాసు సంగీత అకాడమివారు సంగీతకళానిధి బిరుదమునిచ్చి గౌరవించిరి.

ఈ కడపటి సన్మానమునుగూర్చి కొంచెము చెప్పవలసియున్నది. 1928లో స్థాపింపబడిన ఆ అకాడమి ఉత్సవములు నాగస్వరముతోనే మొదలగుట ఆచారము. కాని మంగళవాద్యమును ప్రారంభమునకు పిలుచుట వేరు, నాగస్వరవిద్వాంసుని సభానాథునిగా వరించుట వేరు. ముందు నడచువానిని లోన కూర్చుండబెట్టుట లోకమున నరుదు. వందలాది గాయకులును, వైణికులును ఆ బిరుదమునకై చూచుచుండగా ఒక నాగస్వరవిద్వాంసుడు దాని నందుకొనుట, ఊరేగింపుల ముందర దుమ్ములో నడచిన తరతరముల వాద్యకారులందరికి దక్కిన గౌరవమని మేమెంచుచున్నాము. ఆ సన్మానము పొందిన మరుసటి సంవత్సరముననే, అనగా 1999 ఏప్రిలు 13వ తేదీన, శ్రీరంగమున వారు దివంగతులైరి. అప్పటికి వారి వయస్సు డెబ్బదియైదేండ్లకు నొక్క నెల తక్కువ.

శారదా నాదస్వర సంగీత ఆశ్రమము

పై సన్మానములన్నిటికంటె వారు చేసిన యొక పని మాకు ముఖ్యముగా తోచుచున్నది. 1982వ సంవత్సరమున శ్రీరంగమున శారదా నాదస్వర సంగీత ఆశ్రమమను పాఠశాలను వారు నెలకొల్పిరి. తాము నేర్చినదానిని తమతో కొనిపోక, వచ్చినవారికి నేర్పుటయే దాని యుద్దేశము. మహమ్మదీయుడగు గురువు విద్యాదేవతయగు శారద పేర పాఠశాల పెట్టుటలో వారి మనస్సంతయు కనబడుచున్నది.

ఇంటిలో నేర్చు విద్యకును పాఠశాలలో నేర్చు విద్యకును భేదము కలదు. ఇంటిలో తండ్రికి తీరిక యున్నప్పుడు పాఠము. పెండ్లిండ్ల కాలమున పాఠమే లేదు. ఎవ్వని యింట పుట్టితిమో ఆ యింటి విద్యయే మనకు మిగులును. పాఠశాలయందు వేళ కలదు, క్రమము కలదు, తోటి విద్యార్థులు కలరు. వర్ణము మొదలు పల్లవి వరకు ఒక్కొక్క మెట్టుగా నెక్కవలెను. గురువు ముందర తోటివారందరు వినుచుండగా వాయించవలెను. సిగ్గు పోవుటకును, చెవి పదునెక్కుటకును దీనిని మించిన మార్గము లేదు.

ఆ ఆశ్రమమున నేర్చినవారిలో కాలేషాబి మహబూబుగారును, ఆమె భర్త షేక్ మహబూబ్ సుభానీగారును ప్రసిద్ధులు. దంపతులిద్దరును ఒక్క వేదికపై నాగస్వరము వాయించి కీర్తి గడించిరి. 2020వ సంవత్సరపు పద్మశ్రీ బిరుదము వారికి జంటగా లభించినది. స్త్రీకి నాగస్వరము తగదని, ఊపిరి చాలదని లోకమనుచుండెడిది. మధురలో ఎం. ఎస్. పొన్నుత్తాయిగారు ఆ మాటను మునుపే తప్పని నిరూపించిరి. చినమౌలానాగారి శిష్యురాలు దానిని తెలుగువారికిని చూపినది. గురువుగారి మనుమలు కాసిము, బాబు సోదరులు తాతగారి బాణిని వాయించుచు ఆ విద్యను నిలుపుచున్నారు. ఈ విధముగా ఆ యింటి విద్య యింటను నిలిచినది, యింటి వెలుపలను విస్తరించినది. ఒకటి రెండవదానికి అడ్డు కాలేదు.

మనకు దీనివలన తెలియునదేమి?

ఇక మన మాట. మనలో విజ్ఞులు కొందరు ఇట్లనుటను మేము విన్నాము: "ఈ వాద్యము మన కులమునకు తరతరముల హక్కు. దీనిని ఇతరులకు నేర్పినచో మన నోటి కూడు పోవును." మరికొందరిట్లందురు: "ఈ వాద్యమువలననే గదా మనలను పందిటి మూల కూర్చుండబెట్టిరి! పిల్లలు చదువుకొని ఉద్యోగములు చేయనిండు. ఈ పీకను విడిచిన నాడే మనకు గౌరవము." రెండుమాటలయందును బాధ యున్నది. రెండింటిని మేము తేలికగా త్రోసివేయజాలము.

మొదటి మాటకు మా సమాధానమిది. మన నోటి కూడును పోగొట్టినది వెలుపలినుండి నేర్చిన శిష్యుడు కాడు. మొదట బాకాలు, క్లారినెట్లు, డప్పులతో వచ్చిన బ్యాండుమేళము. పిమ్మట కరెంటుతో మ్రోగు పెట్టెలు. వీనిని తెచ్చినవారికి మన విద్యతో పని లేదు. సన్నాయి వినుట యెరిగినవారు తగ్గుచున్నారు గనుక సన్నాయిని పిలుచువారును తగ్గుచున్నారు. నేర్చినవారు పదిమందియున్న యూరిలో వినువారు వందమంది తయారగుదురు. నేర్చినవాడొక్కడే యున్న యూరిలో, ఆ ఒక్కనితో వాద్యము నశించును. రాజము, దురైకణ్ణు సోదరులు విద్య యిచ్చి పోగొట్టుకొన్నదేమియు లేదని పైన జెప్పితిమి.

రెండవ మాట మరింత కఠినమైనది. మన వృత్తిని తూలనాడువారు నేటికిని కలరు. "సన్నాయినొక్కులు" అను పలుకుబడిని దెప్పిపొడుపు మాటలకు వాడుకొను భాష మనది! అవమానమును భరించుచు విద్యను నిలుపుడని మేము చెప్పము. రాజరత్నం పిళ్లగారు వాద్యమును విడిచి గౌరవమును సంపాదింపలేదు. వాద్యమును విడువక, అవమానమును విడిపించిరి. పిల్లలు చదువవలెను, ఉద్యోగములు చేయవలెను. అందు సందేహము లేదు. కాని ఉద్యోగము చేయువాడు సాయంకాలము వీణ వాయించినచో కళాకారుడనియు, సన్నాయి వాయించినచో కులవృత్తివాడనియు నెంచుట యెక్కడి న్యాయము? ఈ భేదమును తొలగించుట మన విద్యాధికుల పని. వారు సన్నాయిని దాచినంతకాలము లోకము దానిని చిన్నచూపు చూచుచునే యుండును.

మా విన్నపములు

కావున మహాసభవారి యెదుట మూడు విన్నపములను ఉంచుచున్నాము.

మొదటిది: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములయందు సన్నాయియు డోలును తెలిసిన వృద్ధులు నేటికిని కొందరు కలరు. వారిని వెదకి, వారమునకొకనాడైన పిల్లలను కూర్చి పాఠము చెప్పించవలెను. ఆ గురువునకు నెలజీతమును సంఘమే యీయవలెను. పాఠము మన పిల్లలకు మాత్రమే యని ద్వారమునకు తాళము వేయరాదు. ఆడుపిల్లలను తప్పక కూర్చుండబెట్టవలెను. శ్రద్ధగల పిల్లలను తిరుపతిలో దేవస్థానమువారు నడపుచున్న నాదస్వర డోలు పాఠశాలకు పంపుటకు సంఘనిధినుండి సాయము చేయవలెను.

రెండవది: ఇప్పటికే వాయించుచున్న మన యువకులు తమ విద్య చాలునని తలంపరాదు. పెండ్లిపాటలు నాలుగు వచ్చినంతమాత్రమున విద్వాంసుడు కాడు. పేరుగల విద్వాంసుల కడకు పోయి, ఒక యేడు, రెండేండ్లు, మరల శిష్యులు కావలెను. చినమౌలానాగారు సిగ్గుపడలేదు, మనమేల సిగ్గుపడవలెను?

మూడవది పోషకమహాశయులకు. అయ్యా, మీ యింట శుభకార్యము జరుగునప్పుడు మేళమును నాలుగు నిమిషములకై పిలువకుడు. వరపూజకు ముందు ఒక గంటసేపు ఆ పెట్టెలను ఆపి, వాద్యకారులను పందిటి మూల గాక వేదికకు చేరువను కూర్చుండబెట్టి, ఒక్క రాగమును, రెండు కీర్తనలను నిదానముగా వినుడు. అతిథులతో పాటు వారికిని పీట వేసి భోజనము పెట్టుడు. ఇందులకు మీకగు వ్యయము స్వల్పము. మీవలన నిలుచు విద్య గొప్పది. వినువాడు లేక విద్య నిలువదు. మర్యాద లేక విద్వాంసుడు నిలువడు.

ఆ పెండ్లిపందిటిలో మాతో మాటలాడిన వృద్ధుడు తన పిల్లలకు విద్యను నేర్పలేదు. ఆయనను నిందించుటకు మాకు నోరాడదు. నాలుగు నిమిషములు మాత్రమే వినదలచిన లోకమున ఆయన చేసినది లెక్కకు సరిపోయినదే. ఆ లెక్కను మార్చవలసినవారము మనమే. కరవదిలో పుట్టిన యొక బాలుడు ఇద్దరు గురువులను, రెండు దేశములను దాటి నేర్చుకొని, నేర్చినదానిని శ్రీరంగమున వచ్చినవారికెల్ల పంచిపెట్టెను. ఆయన మన కులమువాడు కాడు. కాని మన వాద్యమునకు కులపెద్ద. అట్టి పెద్దకు మనము చేయగల స్మరణ యొక్కటియే: మన యిండ్ల అటకలపై గుడ్డలో చుట్టి పెట్టిన సన్నాయిని దింపి, దుమ్ము దులిపి, కొత్త పీక తొడిగి, ఒక పిల్లవాని చేతనో పిల్ల చేతనో పెట్టుట.

శ్రీ లక్ష్మీనరసింహస్వామివారి కృపవలన మన గుట్టపై సన్నాయి నిరంతరము మ్రోగుచుండు గాక! సర్వే జనాః సుఖినో భవంతు.